అచ్చు పడని చుక్కలు ఎక్కడికి పోతాయి?

(బరంపురంలో చిన్న ప్యాకింగ్ యూనిట్లు నడుపుతున్నవాళ్లు, వాటిలో పనిచేసేవాళ్లు, డిప్లొమా విద్యార్థులు కలిసిన ఒక సమావేశంలో కోడింగ్ మెషిన్లు బాగుచేసే టెక్నీషియన్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలు ముందుకు వచ్చి కూర్చోండి, చోటుంది. అమ్మా, మీరు కూడా రండి. ఈరోజు చెప్పే విషయంలో సగం మీలాంటి వాళ్ల దగ్గర నేర్చుకున్నదే.

నా చేతిలో ఉన్నది అప్పడాల ప్యాకెట్. మన ఊరిదే. బరంపురం పేరు చెబితే ఒడిశా అంతటా పట్టుచీరలూ అప్పడాలూ ఊరగాయలే గుర్తొస్తాయి. ఈ ప్యాకెట్ వెనక చూడండి. నల్లటి చుక్కలతో రెండు వరసలు. తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో ఆ తేదీ, బ్యాచ్ నంబరు, ధర. ఇవి లేకపోతే ప్యాకెట్ దుకాణంలో పెట్టడానికి లేదు. ఆహార భద్రత లేబుల్ నిబంధనలు, తూనికలు కొలతల నిబంధనలు రెండూ అడుగుతాయి. అందుకే ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా జీడిపప్పు వాళ్ల దగ్గర, ఇటు పర్లాకిమిడి, రాయగడ దాకా ఎక్కడ ప్యాకింగ్ ఉంటే అక్కడ ఈ చుక్కలతో తేదీ, నంబరు అచ్చు వేసే కోడింగ్ మెషిన్ ఉంది.

ఈ రెండు వరసల్లో ఇరవై అక్షరాలు ఉన్నాయనుకుందాం. ఒక్కో అక్షరానికి సుమారు 17 చుక్కలు పడతాయి. అంటే ప్యాకెట్‌కి 340 చుక్కలు. మెషిన్ మూతి నుంచి సెకనుకి ఎన్ని చుక్కలు వస్తాయో తెలుసా? మామూలుగా మన దగ్గర వాడే రకంలో 60 వేలకు పైనే. లెక్క సులువుగా ఉండటానికి 64,000 అనుకుందాం. సెకనుకి ఒక ప్యాకెట్ బెల్టు మీద వెళ్తోందనుకుంటే 340 చుక్కలు ప్యాకెట్ మీద పడ్డాయి. మిగతా 63,660 ఏమయ్యాయి?

ఇరవై ఏళ్లకు పైగా నేను చేస్తున్న పనంతా ఆ మిగతా చుక్కల చుట్టూనే తిరిగింది. యజమానులు నాకు ఫోన్ చేసి "అచ్చు సరిగ్గా పడటం లేదు" అంటారు. నేను వెళ్లి చూసేది మాత్రం అచ్చుని కాదు. అచ్చు పడని చుక్కలు ఎక్కడికి వెళ్లాలో అక్కడికి వెళ్తున్నాయా లేదా అని చూస్తాను. వెయ్యిలో అయిదు చుక్కలు ప్యాకెట్‌కి, తొమ్మిది వందల తొంభై అయిదు వెనక్కి. ఆ వెనక్కి వెళ్లే దారి బాగుంటే అచ్చు దానంతట అదే బాగుంటుంది. నేను బల్లగుద్ది చెప్పగలిగింది ఇదొక్కటే.

అన్ని చుక్కలు ఎందుకు వదలాలి, కావాల్సినప్పుడే వదలొచ్చు కదా అని మొన్న ఒక అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. పొలంలో మోటారు వేసినప్పుడు చూడండి. మొదట పైపు ఉమ్ముతుంది, తుళ్లుతుంది, గాలి దగ్గుతుంది. కాసేపటికి గానీ ధార కుదురుకోదు. ఇక్కడ నాజిల్, అంటే మెషిన్ మూతి, రంధ్రం 60 మైక్రాన్లు, ఇంచుమించు తలవెంట్రుక మందం. లోపల ఉన్నది సెకన్లలో ఆరిపోయే ఇంకు. దాన్ని ప్రతి అక్షరానికీ ఆపి మళ్లీ వదిలితే ప్రతిసారీ తుళ్లుతుంది, మధ్యలో మూతి ఎండిపోతుంది. అందుకని ధార ఆగకుండా పోతూనే ఉంటుంది. ఆగని ధారలోంచి కావాల్సిన చుక్కను ఏరుకోవాలి. పద్ధతి అది.

ధార చుక్కలుగా ఎందుకు విడిపోతుంది? కుళాయి సన్నగా తిప్పి చూడండి. పైన దారంలా ఉన్న నీరు కిందికి వచ్చేసరికి బొట్లు బొట్లుగా తెగుతుంది. నీటికి తన ఒళ్లు వీలైనంత ముడుచుకోవాలని ఉంటుంది. దాన్నే తలతన్యత అని పుస్తకాల్లో చదివారు. పొడుగు దారం కన్నా గుండ్రటి బొట్టుకి పైతలం తక్కువ, అందుకే తెగుతుంది. 1878లో ఇంగ్లండ్‌లో లార్డ్ రేలీ దీనికి లెక్క కట్టాడు. ధార మందానికి ఇంచుమించు నాలుగున్నర రెట్ల దూరంలో వచ్చే అల అన్నిటికన్నా తొందరగా పెరిగి ధారను తెంచుతుందని తేల్చాడు. మన మెషిన్ చేసేది ఆ అలను తనే పుట్టించడం. నాజిల్ వెనక ఒక పియెజో స్ఫటికం ఉంటుంది. కరెంటు ఇస్తే అది సెకనుకి 64,000 సార్లు వణుకుతుంది. ఒక్కో వణుకుకి ఒక్కో చుక్క, అన్నీ ఒకే సైజు. ధార వేగం సెకనుకి 20 మీటర్లు, అంటే మన హైవే మీద బస్సు వేగం. ఆ లెక్కన చుక్కకీ చుక్కకీ మధ్య దూరం మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు.

ఇప్పుడు ఏరుకోవడం. ఇది చేసి చూపించింది అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రిచర్డ్ స్వీట్. 1960ల మొదట్లో పని, 1965లో వ్యాసం. ఆయన కొత్త ముద్రణ యంత్రం కోసం వెతకలేదు. వేగంగా మారే విద్యుత్ సంకేతాలను కాగితం మీద గీసే పరికరం కోసం వెతికాడు. ధార చుక్కగా తెగే చోట చిన్న లోహపు ముక్క పెట్టాడు, అదే చార్జ్ ఎలక్ట్రోడ్. దానికి వోల్టేజీ ఇస్తే ఇంకు ధార కొసకి వ్యతిరేక చార్జ్ చేరుతుంది, ఎందుకంటే ఇంకు విద్యుత్తును పంపుతుంది, వెనక నేలకు కలిపి ఉంటుంది. సరిగ్గా ఆ క్షణంలో చుక్క తెగితే ఆ చార్జ్ చుక్కతోనే వెళ్లిపోతుంది. గడప దాటేటప్పుడు చేతిలో ఏముంటే అదే వెంట వెళ్తుంది, దాటాక తలుపు కొట్టి ఇంకొంచెం ఇవ్వమంటే కుదరదు. చుక్క సంగతీ అంతే. తెగాక దాని చార్జ్ మార్చలేం.

తర్వాత చుక్కలు రెండు పలకల మధ్య నుంచి పోతాయి. వాటి మధ్య కొన్ని వేల వోల్టులు ఉంటాయి. మనవాళ్లు ఈహెచ్‌టి అంటారు. చార్జ్ ఉన్న చుక్క పక్కకు వంగుతుంది. ఎక్కువ చార్జ్ ఉంటే ఎక్కువ, తక్కువ ఉంటే తక్కువ. అలా ఒక్కో చుక్క ఒక్కో ఎత్తులో పడి నిలువు గీత తయారవుతుంది. ప్యాకెట్ బెల్టు మీద కదులుతుంటే గీత పక్కన గీత పడి అక్షరం అవుతుంది. చార్జ్ ఇవ్వని చుక్క వంగదు. తిన్నగా పోతుంది. తిన్నగా పోయే దారి చివర ఒక సన్నటి గొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది. అదే గట్టర్. లోపల నుంచి పంపు దాన్ని పీలుస్తూ ఉంటుంది. ఆ 63,660 చుక్కలు అందులోకి వెళ్లి, ఫిల్టర్ దాటి, ట్యాంకులో కలిసి మళ్లీ నాజిల్‌కి వస్తాయి.

ఈ తిరుగుడు ఎంతో చెబితే చాలామంది నమ్మరు. నాజిల్ నుంచి గంటకు సుమారు 200 మిల్లీలీటర్ల ఇంకు బయటికి వస్తుంది. ఎనిమిది గంటల షిఫ్టులో లీటరున్నర పైనే. ఆ షిఫ్టులో పదివేల ప్యాకెట్లకు కోడ్ వేస్తే వాటి మీద పడిన ఇంకు మొత్తం కలిపి మూడు మిల్లీలీటర్లు. దగ్గు మందు తాగే చెంచాలో సగం కన్నా కొంచెం ఎక్కువ. గట్టర్ లేకపోతే లీటరున్నర ఇంకూ మీ నేల మీద ఉంటుంది.

ఇదే పనిని తిరగేసి చేసినవాళ్లు కూడా ఉన్నారు. స్వీడన్‌లో లుండ్‌లో పనిచేసిన కార్ల్ హెల్ముత్ హెర్ట్జ్ పద్ధతిలో చార్జ్ ఉన్న చుక్కలనే పట్టేస్తారు, చార్జ్ లేనివి కాగితం మీదికి పోతాయి. ఈయన మరొక పనికి కూడా పేరుపొందాడు. గుండెను అల్ట్రాసౌండ్‌తో చూసే పద్ధతిని 1953లో ఇంగె ఎడ్లర్ అనే డాక్టరుతో కలిసి మొదలుపెట్టింది ఆయనే. ఈరోజు మన ఊళ్లో ఎవరికైనా ఎకో తీస్తున్నారంటే దాని మొదలు అక్కడుంది. ఇక కోడాక్ స్ట్రీమ్ అనే పెద్ద ప్రెస్‌లలో చార్జే లేదు. చిన్న చుక్కలను గాలితో పక్కకు తోసి పట్టేస్తారు, పెద్ద చుక్కలు గాలికి చలించకుండా కాగితం చేరతాయి. తూర్పారబట్టినట్టే. గింజ కింద పడుతుంది, పొట్టు పక్కకు పోతుంది.

చార్జ్ ఇచ్చే క్షణం తెగే క్షణంతో సరిపోవాలి అన్నాను కదా. అది మెషిన్‌కి ఎలా తెలుస్తుంది? మే నెల మధ్యాహ్నం షెడ్డు వేడెక్కితే ఇంకు పలచబడుతుంది, తెగే చోటు జరుగుతుంది. డిసెంబరు తెల్లవారుజామున ఇంకో చోటికి పోతుంది. అందుకని మెషిన్ అచ్చుకీ అచ్చుకీ మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా పరీక్ష పెట్టుకుంటుంది. చాలా చిన్న చార్జ్ ఇస్తుంది, గట్టర్ నోరు దాటి బయటికి వంగనంత చిన్నది. ఒక చుక్క కాలాన్ని భాగాలు చేసి ఒక్కో భాగంలో ఇచ్చి చూస్తుంది. ఏ భాగంలో ఇస్తే చుక్క చార్జ్ పట్టుకుందో ముందున్న సెన్సర్ చెబుతుంది. ఇదే ఫేజింగ్. స్క్రీన్ మీద ఫేజ్ ఎర్రర్ అని వస్తే చాలామంది మెషిన్ ఆపి మళ్లీ వేస్తారు. అలా చేయకండి. అది తెగే క్షణం తనకు దొరకడం లేదని చెబుతోంది. ఇంకు చిక్కబడిందా, ఎలక్ట్రోడ్ మీద ఇంకు ఎండి ఉందా, నాజిల్ కొంచెం మూసుకుందా, ముందు అది చూడండి.

ఇంకో సంగతి. పక్కపక్కన వెళ్లే చుక్కలు ఒకదాన్నొకటి చెడగొడతాయి. ముందు వెళ్లిన చుక్కలో చార్జ్ ఉంటే, వెనక పుట్టబోయే చుక్కలో అది వ్యతిరేక చార్జ్‌ని కొంచెం పుట్టిస్తుంది. పైగా రెండూ ఒకే రకం చార్జ్‌తో ఉంటే నెట్టుకుంటాయి. గాలి సంగతి కూడా ఉంది. హైవే మీద లారీ వెనకాలే సైకిల్ తొక్కినవాళ్లకు తెలుసు, ముందున్న లారీ గాలిని చీలుస్తుంది కాబట్టి వెనక తేలిగ్గా ఉంటుంది, తెలియకుండానే లారీకి దగ్గరవుతాం. చుక్క కూడా ముందు చుక్క చాటున వేగం పుంజుకుని వెళ్లి దానికే తగులుకుంటుంది. అందుకే మెషిన్ అచ్చు వేసే రెండు చుక్కల మధ్య కొన్ని చుక్కలను కావాలనే చార్జ్ లేకుండా వదిలేస్తుంది. వాటిని గార్డ్ డ్రాప్స్ అంటారు. వాటి పనే మధ్యలో నిలబడి తర్వాత గట్టర్‌లోకి వెళ్లిపోవడం. అచ్చు వేగం పెంచమని యజమాని అడిగితే మనం తగ్గించేది వీటినే. వేగం పెరుగుతుంది, అక్షరం కాస్త వంకరపోతుంది. రెండూ కావాలంటే కుదరదని ముందే చెప్పాలి.

ఇప్పుడు మీకు ఒక జరిగిన కథ చెబుతాను. ఊరగాయ పౌచ్‌లు చేసే ఒక యూనిట్. పేరు వద్దు. వర్షాకాలం. పౌచ్ మీద కోడ్ బాగానే ఉంది, కానీ చుట్టూ గసగసాలు చల్లినట్టు సన్నటి మచ్చలు. యజమాని పౌచ్ ఫిల్మ్ మీద అనుమానపడి రోల్ మార్చాడు. నేను వెళ్లి ఫిల్టర్ మార్చాను. ప్రింట్ హెడ్, అంటే నాజిల్, పలకలు, గట్టర్ ఉండే భాగం, కడిగాను. గంట బాగుంది, మళ్లీ గసగసాలు. రెండో రోజు కూడా అంతే. నాకు టెన్షన్ మొదలైంది, ఎందుకంటే మర్నాడు వాళ్ల సరుకు విశాఖ వెళ్లాలి.

బెల్టు చివర పౌచ్‌లు అట్టపెట్టెల్లో సర్దుతున్న ఒక పెద్దావిడ నన్ను పిలిచి, "బాబూ, అన్నీ పైవైపే పడుతున్నాయి, అక్షరాల కింద ఒక్క మచ్చా లేదు, చూశావా?" అంది. నేను చూడలేదు. రెండు రోజులుగా మచ్చలు ఉన్నాయనే చూశాను గానీ ఎటువైపు ఉన్నాయో చూడలేదు. ఆమె రోజుకు వేల పౌచ్‌లు చేత్తో పట్టుకునే మనిషి. ఆమెకు కనిపించింది.

ఆ ఒక్క మాటతో సగం పని అయిపోయింది. పంపు కారితే, గాలికి చిందితే మచ్చలు అన్ని వైపులా పడతాయి. పైవైపే పడ్డాయంటే అవి అక్షరాల కన్నా ఎక్కువ వంగిన చుక్కలు. ఎక్కువ వంగేవి ఏవి? ధార తెగేటప్పుడు రెండు చుక్కల మధ్య సన్నటి తోక ఒకటి మిగులుతుంది. పాకం తీగ లాగినప్పుడు మధ్యలో సన్నబడే తీగ లాంటిది. మెషిన్ సరిగ్గా ఉంటే ఆ తోక ముందు చుక్కలోనో వెనక చుక్కలోనో కలిసిపోతుంది. సరిగ్గా లేకపోతే విడిగా తెగి పిల్ల చుక్క అవుతుంది. శాటిలైట్ అంటాం. దాని బరువు బాగా తక్కువ, ఆ బరువుకి మోస్తున్న చార్జ్ మాత్రం ఎక్కువ. అందుకే పలకల మధ్య బాగా వంగిపోతుంది. కొన్ని వెళ్లి పలకకే అంటుకుంటాయి, కొన్ని తప్పించుకుని ప్యాకెట్ చేరతాయి. గట్టర్ వాటిని పట్టలేదు, ఎందుకంటే గట్టర్ ఉన్నది తిన్నగా వచ్చేవాటి కోసం.

మరి ఇంకు ఎందుకు అలా తెగింది? ఇది గట్టర్ దగ్గరికే తిరిగి వస్తుంది. గట్టర్ ఇంకుతో పాటు గాలిని కూడా పీలుస్తుంది. ఆ గాలి ట్యాంకులోంచి బయటికి పోతూ ఇంకులోని సాల్వెంట్, అంటే ఇంకును పలచగా ఉంచే ద్రవం, ఆవిరిని వెంట తీసుకుపోతుంది. మన దగ్గర ఎక్కువగా వాడే ఇంకుల్లో ఉండేది మెథైల్ ఇథైల్ కీటోన్, మీరందరూ వాసనతో గుర్తుపట్టేది. అందుకే మేకప్ బాటిల్, అంటే ఆవిరైపోయిన సాల్వెంట్‌ని భర్తీ చేసే బాటిల్, ఇంకు బాటిల్ కన్నా ఎన్నో రెట్లు తొందరగా ఖాళీ అవుతుంది. అది లీకు కాదు, ఆవిరి. వర్షాకాలంలో సముద్రం పక్కనున్న మన ఊళ్లో ఇంకో చిక్కు ఉంది. గట్టర్ పీల్చే గాలిలో తేమ ఉంటుంది, అది కొంచెం కొంచెంగా ఇంకులో చేరుతుంది. నెలల తరబడి అదే ఇంకు తిరుగుతుంటే దాని గుణం మారిపోతుంది. ఆ యూనిట్‌లో మేకప్ బాటిల్ ఖాళీ అయినా అలారం నొక్కేసి రెండు రోజులు నడిపారు. తేమ పట్టిన పాత ఇంకు, పైగా చిక్కబడింది. ఇంకు మొత్తం మార్చి, కొత్త మేకప్ పెట్టి, స్ఫటికానికి ఇచ్చే వోల్టేజీని సరిచేశాను. స్ట్రోబ్, అంటే చుక్కల వేగంతోనే వెలిగి ఆరే లైటు, వెలుగులో తోకలు చుక్కల్లో కలిసిపోవడం కనిపించింది. గసగసాలు ఆగిపోయాయి. ఖర్చు చేయగలిగినవాళ్లు ప్రింట్ హెడ్‌లోకి పొడి గాలి పంపే ఏర్పాటు పెట్టించుకుంటే మన వాతావరణంలో చాలా మేలు.

ఆ రోజు నుంచి ఏ యూనిట్‌కి వెళ్లినా మొదట బెల్టు చివర ఉన్నవాళ్లతో మాట్లాడతాను. మెషిన్ దగ్గరికి తర్వాతే వెళ్తాను.

చలికాలంలో మరో రకం ఫిర్యాదు వస్తుంది. గాలి పొడిగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ ఫిల్మ్ రోలర్ల మీద రాసుకుని స్థిర విద్యుత్తు పట్టుకుంటుంది. దువ్వెన కాగితం ముక్కల్ని లాగినట్టు ఫిల్మ్ చుక్కల్ని లాగుతుంది. మెషిన్ తప్పేమీ లేదు. రోలర్లకు ఎర్తింగ్ ఇచ్చి, ఫిల్మ్‌కి యాంటీస్టాటిక్ బ్రష్ తగిలించండి, పోతుంది.

రోజూ పొద్దున్నే ఏం చూడాలో అడుగుతున్నారు. ధార గట్టర్ నోటి మధ్యలోకి పడుతోందా? అంచుకి తగులుతుంటే కొంచెం కొంచెం చింది, కాసేపటికి పలకల మీద పేరుకుని ఈహెచ్‌టి ట్రిప్ అవుతుంది. గట్టర్ నోటి చుట్టూ ఇంకు గట్టిపడిందా? వాష్ బాటిల్‌తో కడిగి, పూర్తిగా ఆరాకే మూత పెట్టండి. తడి పలకల మధ్య వేల వోల్టులు వేస్తే నిప్పురవ్వ లేస్తుంది, ఆ సాల్వెంట్ చాలా సులువుగా అంటుకుంటుంది. కడిగేటప్పుడు కింద పెట్టే పాత్ర లోహపుదై ఉండాలి, ఎర్త్ చేసి ఉండాలి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు. కడిగిన సాల్వెంట్‌ని కాలువలో పోయకండి. ఆ నీళ్లు మన పిల్లలు నడిచే వీధిలోంచే పోతాయి. డబ్బాలో నిలవచేసి ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లకు ఇవ్వండి. సాయంత్రం మెయిన్ స్విచ్ తీసేసి వెళ్లిపోకండి. స్టాప్ నొక్కితే మెషిన్ తనే నాజిల్‌నీ గట్టర్ గొట్టాన్నీ సాల్వెంట్‌తో కడుక్కుని ఆగుతుంది. కొన్ని నిమిషాలే. ఆ నిమిషాలు దానికి ఇవ్వండి. కరెంటు పోతే మాత్రం వచ్చిన వెంటనే ముందు కడిగే పని పెట్టండి.

జిరాక్స్ షాపు నడిపే తమ్ముళ్లు కూడా ఇద్దరు కనిపిస్తున్నారు. మీ దగ్గర ఉండే ఇంక్‌జెట్‌లో ఆగని ధార లేదు, కావాల్సినప్పుడే చుక్క వస్తుంది, కాబట్టి గట్టర్ లేదు. కానీ అచ్చు పడని ఇంకు అక్కడా ఉంది. ప్రతిసారీ హెడ్ క్లీనింగ్ కొట్టినప్పుడు మంచి ఇంకే బయటికి లాగి అడుగున ఉన్న దూది లాంటి ప్యాడ్‌లో పోస్తుంది. అంచు లేకుండా ఫొటో తీస్తే కాగితం దాటి పడే ఇంకు కూడా కింద ఉన్న స్పాంజి పీలుస్తుంది. ప్యాడ్‌లోకి ఎంత పోయిందో ప్రింటర్ లెక్కపెడుతుంది, హద్దు చేరగానే లైట్లు వెలిగి ఆగిపోతుంది. అప్పుడు ఫోన్‌లో వీడియో చూసి లెక్కను సున్నా చేసేస్తున్నారు. లెక్క సున్నా అయింది, ప్యాడ్ మాత్రం నిండే ఉంది. ఒకరోజు అది బల్ల మీదికి, కస్టమర్ సర్టిఫికెట్ల మీదికి కారుతుంది. ప్యాడ్ మార్చి, ఆ తర్వాతే లెక్క మార్చండి. గీతలు వస్తున్నాయని వరసగా అయిదారుసార్లు క్లీనింగ్ కొట్టకండి. ఒకటి రెండుసార్లు కొట్టి, గంట ఆగి చూడండి.

ఇక చాలు, మాటలు ఎక్కువయ్యాయి. ఈ బల్ల మీదున్న మెషిన్ ఆన్‌లో ఉంది, హెడ్ మూత తీసి పెట్టాను. ఇందులో ధార వెనక ఒక చిన్న లైటు ఉంది, అది చుక్కల వేగంతోనే వెలిగి ఆరుతుంది. అందుకే బస్సు వేగంతో పోయే చుక్కలు గాలిలో ఆగి నిలబడ్డట్టు కనిపిస్తాయి. బాబూ, ఆ కిటికీ మూసేయ్, ఫ్యాన్ కూడా ఆపు. నలుగురు నలుగురుగా రండి, ఈ భూతద్దంలోంచి చూడండి. చెయ్యి మాత్రం పెట్టకండి. అమ్మా, ముందు మీరు రండి. ఎడమ వైపు దారంలా ఉంది కదా, అది తెగే చోటు చూడండి. తోక కనిపిస్తోందా? అది ఏ చుక్కలో కలుస్తోందో చెప్పండి, ముందున్న దానిలోనా, వెనకున్న దానిలోనా?